ఎండలో కాల్చిన ఇనుము

జనవరి 18, శనివారం

ఈ డైరీ పురుగుమందుల కొట్టువాళ్ళు ఏటా ఇచ్చేది. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఇందులో ఒక్క అక్షరం రాయలేదు. కాగితాలు చించి కొలిమి ముట్టించేవాడు. ఈ ఏడు చించే మనిషి లేడు. తొమ్మిదో తరగతి చదివి, ఇరవై రెండేళ్ళు సమ్మెట కొట్టినదాన్ని, నాకు రాయడానికి ఏముంటుందిలే అనుకున్నాను. ఇవాళ ఉంది.

పొద్దున్నే మా మరిది బాపయ్య ట్రాలీ ఆటో వేసుకొచ్చి, ఇనుము పెట్టి కొట్టే మా దాగలి పట్టుకుపోయాడు. దానితోపాటు సమ్మెట, సుత్తులు, పట్టకార్లు, తోలు తిత్తి. కొలిమి పాకకు తాళం వేశాడు. ఆ స్థలం మా మామగారి పేరున ఉందట.

"ఏమనుకోబాక వదినా. మగదిక్కు లేని ఇంట్లో దాగలి ఉంచకూడదు. మన వాళ్ళలో లేదు" అన్నాడు.

"మరి నేనేం తినాలి బాపయ్యా?"

"పిల్లా జెల్లా లేరు. ఒక్కదానివి. మా ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని పడుండు. నిన్ను కాదనేదెవరు?"

పడుండాలట. వాడి నోటికి పుళ్ళు పడ.

మా పనిలో మగవాడు దాగలి ముందు కూర్చుంటాడు. పెళ్ళాం ఎదురుగా నిలబడి సమ్మెట వేస్తుంది. అతను చిన్న సుత్తితో తట్టి చూపించిన చోట దెబ్బ పడాలి. దాగలి అంచు మీద టక్కుమని కొడితే ఆగాలి. అంతవరకే ఆడదాని పని అని వీళ్ళ లెక్క. నిలబడ్డదానికి కళ్ళుండవా? ఆయన ఏ ఇనుము ఎంత కాల్చాడో, ఎప్పుడు ముంచాడో ఇరవై రెండేళ్ళు ఎదురుగా నిలబడి చూశాను. నాకు రానిదేముంది?

జనవరి 19

ఏడవలేదు. కళ్ళెందుకలా ఉన్నాయని అడిగినవాళ్ళకు జలుబు చేసిందని చెప్పాను.

జనవరి 21

పర్చూరు వెళ్ళాను. ముస్తాక్ తుక్కు కొట్టు మాకు పాత పరిచయమే.

"ఏం కావాలక్కా?" అన్నాడు.

"దాగలి."

"దాగలి తుక్కులో ఎవరేస్తారక్కా? కమ్మరోళ్ళు ప్రాణం పోయినా వెయ్యరు."

"నీ కొట్లో ఉన్న ఇనుమంతా చూడనీ. అందులో దాగలి ఉందో లేదో నేను చూసుకుంటాను."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఊరుకుని టీ తెప్పించాడు. ఆ గుట్టల్లో సగం రోజు తిరిగాను. పొగాకు గోడౌన్లో ట్రాలీ నడిచే పట్టా ముక్క ఒకటి, మూరెడు పొడవున్నది దొరికింది. అదే నా దాగలి. లారీ బ్రేకు డ్రమ్ము కొలిమికి సరిపోతుంది. పత్తికి మందు కొట్టే పంపులోని ఫ్యాను ఒకటి మూత పగిలి పడి ఉంది. దాన్ని సైకిలు చక్రంతో తిప్పితే తిత్తితో పనిలేదు. తుళ్ళూరు బిల్డింగుల దగ్గర మిగిలిన చువ్వల ముక్కలు పట్టకార్లకు, లారీ కమాను కట్టలు ఉలులకు తీసుకున్నాను. చివరికి లారీ ఇరుసు ముక్క ఒకటి కాలికి తగిలింది. రెండు చేతులతో ఎత్తి చూశాను. నా పాత సమ్మెట బరువే.

దానికి కర్ర దూరే బెజ్జం ముస్తాకే గ్యాస్ కటింగుతో వేసి పెట్టాడు. "బాపయ్యకి తెలిస్తే నన్ను తిడతాడక్కా" అన్నాడు. తిట్టనీ.

జనవరి 25

నా కొలిమి వెలిగింది.

పెరట్లో పెట్టాను, చెట్టూ చేమా లేని చోట. పాక పోతే పోయింది. అదో చీకటి కొట్టు. పొగకు ఊపిరాడటం లేదు, ఒక్క కిటికీ పెట్టించమని ఆయన్ని ఇరవై ఏళ్ళు పోరాను. నవ్వి ఊరుకునేవాడు. ఇక్కడ వెలుతురుకు కొదవలేదు.

చువ్వలు వంచి రెండు పట్టకార్లు చేశాను. ఒకటి వంకర పోయింది గానీ పట్టు బాగుంది. ఇప్పుడు నేను కూర్చునేదాన్ని. నిలబడేవాళ్ళు కావాలి. మా వెనకింటి రెబ్కాను అడిగాను. ఆమె మొగుడు తుళ్ళూరులో కాంక్రీటు పనిలో ఉంటాడు. పదో తరగతి చదివే కూతురు మెర్సీతో ఇక్కడ తనొక్కతే ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడాలు తీస్తుంది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. నాకున్న ఒక్క స్నేహితురాలు.

"తొడాలు తీసీ తీసీ దగ్గు ఆగట్లేదు రత్నమ్మక్కా. దానికంటే సమ్మెటే నయం" అంది.

"చేతులు బొబ్బలెక్కుతాయి."

"మిరపకాయ మంట కంటేనా?"

మొదటి దెబ్బే సరిగ్గా వేసింది. పుట్టుకతో వచ్చినట్టు వేసింది.

జనవరి 29, బుధవారం

అమావాస్య. మా వాళ్ళు ఇవాళ కొలిమి ముట్టించరు. నేను ముట్టించాను. మగదిక్కు లేని ఇంటికి అమావాస్య మాత్రం ఎందుకు?

సమ్మెటకు, కమాను ఉలికి పానం పెట్టాను. మొహం కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడి దెబ్బకు అణగకుండా ఉంటుంది. ఆయన రేగిపండు రంగు వచ్చేదాకా కాల్చి ముంచేవాడు. నేనూ ఆ రంగు కోసమే చూశాను. చాలాసేపు పట్టింది. చక్రం నూట యాభై చుట్లు తిప్పాను. పైన మధ్యాహ్నం ఎండ, ఎదురుగా కొలిమి, కింద నేల, మూడు వైపులా మాడిపోయాను. ముస్తాక్ ఇనుము బద్ధకపుది, త్వరగా కాలదు. చివరికి రేగిపండు రంగు వచ్చింది. ముంచాను. బుస్సుమంది. రెబ్కా చప్పట్లు కొట్టింది.

జనవరి 30

నిన్ననే పానం పెట్టిన ఉలి ఇవాళ రెండో దెబ్బకే విరిగింది. విరిగిన చోట ఇనుము గళ్ళుప్పులా పలుకులు పలుకులుగా ఉంది. మంచి ఇనుము విరిగితే లోపల పిండిలా సన్నగా ఉండాలి. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఈసారి మద్దెల నిజంగానే ఓడు. ముస్తాక్‌ను తిట్టాలి.

ఇంకో ఉలి చేశాను.

ఫిబ్రవరి 3

పెద్ద రైతు ప్రేమ్‌చంద్ గారు వచ్చారు. పత్తి ఏరడం అయిపోయింది, మోళ్ళు పీకడానికి ముప్పై కొక్కేలు కావాలన్నారు. బాపయ్య దగ్గరికి వెళ్తే నెలాఖరు అన్నాడట.

"ఆడమనిషివి, పదో తారీకుకి ఇవ్వగలవా?" అన్నారు.

"ఇవ్వకపోతే అప్పుడడగండి ఆ మాట" అన్నాను.

ఆయన పోయాక రెబ్కా నేనూ నవ్వీ నవ్వీ అలిసిపోయాం. ఆయన పోయిన తర్వాత, అంటే మా ఆయన పోయిన తర్వాత, ఇంతగా నవ్వడం ఇదే.

ఫిబ్రవరి 6, గురువారం

సమ్మెట వేస్తుండగా రెబ్కా కంట్లో నలుసు పడింది. ఎడమ కన్ను. మస్తాన్‌బీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఊళ్ళో ఎవరి కంట్లో ఏం పడ్డా ఆమే తీస్తుంది. చూసింది. ఏమీ కనపడలేదంది. ఆముదం చుక్క వేశాం. రేపటికి తగ్గుతుంది.

పదకొండు కొక్కేలయ్యాయి.

ఫిబ్రవరి 7

తగ్గిందంది. పనికి రాలేదు. నేనొక్కదాన్నే మూడు చేశాను.

ఫిబ్రవరి 8

ఎర్రగా ఉంది. కంట్లో ఏం పడ్డా ఎరుపు మామూలే. మరీ అంత భయపడితే ఎలా?

ఫిబ్రవరి 9

మెర్సీ వచ్చి, "పెద్దమ్మా, అమ్మ రాత్రంతా మూలిగింది" అని చెప్పింది. రేపు గుంటూరు వెళ్దామన్నాను.

ఫిబ్రవరి 10

గుంటూరు పెద్దాసుపత్రి. ఫొటో తీశారు. కంటి లోపల ఇనప ముక్క ఉంది. కందిగింజలో సగం ఉండదు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నెమ్మదిగానే అడిగింది.

"ఎప్పుడు పడింది?"

రెబ్కా నా వైపు చూసింది. నేను చెప్పాను, "గురువారం."

"ఇవాళ సోమవారం" అంది డాక్టరమ్మ. మరేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 13

ముక్క తీశారు. లోపల చీము పట్టిందట. ఆ కంటికి చూపు రాదు. ఆలస్యం కాకుండా ఉంటే కొంతయినా మిగిలేదేమో అన్నారు. రెండో కన్ను జాగ్రత్తగా చూసుకోవాలట, ఘాటు తగలకూడదట. మిరపకాయల పని ఇక వద్దన్నారు.

మిరపకాయల పని వద్దంటే ఈ ఊళ్ళో ఆడది ఏ పని చేస్తుంది?

మంచం పక్కన కూర్చుంటే రెబ్కా నా చెయ్యి పట్టుకుంది.

"నాదే తప్పక్కా. వంకరగా కొట్టినట్టున్నా. నువ్వు ఆగమని టక్కుమనిపించావు, నేను ఆగలేదు."

నేను ఏమీ అనలేదు. ఆగమన్నాను. అనే ఉంటాను. అమావాస్య నాడు పానం పెట్టిన సమ్మెట అది. అందుకే ఇలా అయింది.

ఫిబ్రవరి 14

అమావాస్య వల్లే.

ఫిబ్రవరి 17, సోమవారం

మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఊరంతా టార్పాలిన్ పట్టాలు తీసుకుని పరుగులు పెట్టారు. ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ ఒకటే గోల. నేను పెరట్లో ఉలి కాలుస్తున్నాను. మిగిలిన కొక్కేలు ఎలాగైనా ఇవ్వాలి కదా.

మబ్బుకు పట్టపగలే చీకటైపోయింది. కొలిమిలో చూస్తే ఉలి తెల్లగా వెలుగుతోంది. రేగిపండు కాదు, నిప్పుకణం కంటే తెలుపు. ఎప్పుడు అంతగా కాలిందో తెలియలేదు. తీసి పక్కన పడేశాను. అలాంటిదే ఇంకో ముక్క పెట్టి, చుట్లు లెక్కపెడుతూ తిప్పాను. డెబ్భైకే రేగిపండు రంగు వచ్చింది. అచ్చం పాకలో ఆయన చేతిలో చూసిన రంగు.

ఆ రోజు ఎండలో ఆ రంగుకు నూట యాభై చుట్లు పట్టాయి.

వాన రెండు చినుకులు పడి పోయింది. మళ్ళీ ఎండ వచ్చింది. ఆ ముక్కే మళ్ళీ పెట్టాను. డెబ్భై చుట్లకు నల్లగానే కనపడింది. జానెడు దూరం నుంచే చేతిని మాడ్చేస్తోంది, కంటికి మాత్రం నలుపు.

బొగ్గులు తడిసి ఉంటాయి. అందుకే తేడా.

ఫిబ్రవరి 18

బొగ్గులు తడవలేదు.

ఫిబ్రవరి 19

బాపయ్య వచ్చాడు. రెబ్కా సంగతి విని వచ్చాడట. అడక్కుండానే పెరట్లోకి వెళ్ళి సమ్మెట ఎత్తి చూశాడు. అంచున ముక్క లేచిపోయిన చోట బొటనవేలితో రుద్దాడు. నేను వాడి మొహమే చూస్తున్నాను.

"గళ్ళుప్పులా ఉందే. ఎండలో కాల్చావా?"

"ఎక్కడ కాలుస్తాను? పాకకి తాళం వేసింది ఎవరు?"

"ఎండలో ఇనుము రంగు తెలీదు వదినా. ఎర్రగా కనపడేసరికి మాడిపోతుంది. మాడిన ఇనుముకి పానం పెడితే గాజు ముక్కే. మరి పాకలో కిటికీ ఎందుకు లేదనుకున్నావు?"

వాడి చేతిలోంచి సమ్మెట తీసుకుని ఆ అంచు నేనూ తడిమాను.

"అన్న నీకు చెప్పలా?"

చెప్పలేదు. ఇరవై రెండేళ్ళలో కిటికీ అన్నప్పుడల్లా నవ్వాడు గానీ, ఒక్కసారి కూడా చెప్పలేదు. నిలబడేదానికి ఎందుకు చెప్పడం అనుకున్నాడు. చచ్చిపోయిన మనిషి మీద ఇంత కోపం వస్తుందని నాకు తెలియదు. ఆయన ఫొటోకు వేసిన దండ తీసి గోడవతల పారేశాను. బాపయ్య చూస్తూనే ఉన్నాడు.

పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "నేనెవరికీ చెప్పను. ఆ పిల్ల తన తప్పే అంటోందిగా, అననీ. నువ్వు ఈ తుక్కంతా ముస్తాక్‌కి ఇచ్చేసి ఊరుకో. మన ఇంటి పరువు కూడా దక్కుద్ది."

మంచి బేరమే. తల ఊపాను.

ఫిబ్రవరి 20

ప్రేమ్‌చంద్ గారికి పద్నాలుగు కొక్కేలు పంపి, మిగతావి చేయలేనని చెప్పించాను.

ఫిబ్రవరి 22

రెబ్కా ఇంటికి సంగటి, చింతాకు పప్పు పట్టుకెళ్ళాను. గ్లాసు ఎక్కడుందో తడుముకుంటూ అందుకుంది. రెండో కన్ను బాగానే ఉంది గదా అంటే, "దూరమెంతో తెలీట్లేదక్కా. గ్లాసు ఇక్కడుందనుకుంటాను, ఉండదు" అంది. దాని చేతిలో గ్లాసు పెట్టి వచ్చేశాను. కూర్చోలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

వాళ్ళ చర్చి మైకు మా పెరట్లోకి బాగా వినపడుతుంది. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్తారు. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. ఇవాళ రెబ్కా గొంతు వినపడింది.

"నా అజాగ్రత్త వల్ల, నా తొందరపాటు వల్ల కన్ను పోగొట్టుకున్నాను. నాకు పని చూపించిన అక్క చేతికి మాట తెచ్చాను. అయినా ప్రభువు నాకు ఇంకో కన్ను ఉంచాడు."

అందరూ స్తోత్రం అన్నారు.

ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లని సామెత. నాతో కూడింది, పోటు దానికి తగిలింది. పైగా నాకు మాట తెచ్చానని ఏడుస్తోంది.

నోటితో చెప్పలేనిది ఇక్కడన్నా రాస్తాను. నేను ఆగమని టక్కుమనిపించలేదు. దెబ్బ వంకరగా పడలేదు. ఉలి నడినెత్తిన పడింది, నా కళ్ళతో చూశాను. ఉలి విరిగిన రోజే సమ్మెట కూడా అలాగే ఉంటుందని నాకు తెలిసింది. రెండూ ఒక్క రోజు, ఒక్క మంటలో కాల్చినవి. తెలిసీ దాని చేతికిచ్చాను. పదో తారీకు మాట నిలబెట్టుకోవాలి, ఆడమనిషివి అన్నవాళ్ళకు చూపించాలి.

మస్తాన్‌బీ ఏమీ కనపడలేదని ఊరుకోలేదు. రెబ్కాను అరుగు మీద కూర్చోబెట్టి నన్ను పక్కకు పిలిచింది. "ఇది నలుసు కాదమ్మా. లోపలికి దూరింది. నా చేతిలోది కాదు, ఈ పూటే గుంటూరు తీసుకుపో" అంది. ఆ మాట రెబ్కాకు చెప్పలేదు. ఇంకా పందొమ్మిది కొక్కేలున్నాయి అనుకున్నాను. ఒక మనిషి కన్ను ఎదురుగా పెట్టుకుని కొక్కేలు లెక్కేసుకున్నాను.

ఇంతే. రాశాను. ఏమీ తేలికపడలేదు.

ఫిబ్రవరి 24

చెప్పాను. ఎండ సంగతి, ఉలి సంగతి, మస్తాన్‌బీ మాట, అన్నీ. గుమ్మం దగ్గర నిలబడే చెప్పాను. మెర్సీ పుస్తకం ముందు పెట్టుకుని వింటోంది.

రెబ్కా మంచం అంచు తడుముకుని కూర్చుంది. తర్వాత అడిగింది.

"గురువారమే తెలుసా నీకు?"

"తెలుసు."

"నాలుగు రోజులు పక్కనే ఉన్నావు. ఆముదం నువ్వే వేశావు."

"వేశాను."

"నేను అందరి ముందు నిలబడి నా తప్పని చెప్పుకున్నాను. ఇన్ని రోజులు ఈ చేతిని తిట్టుకున్నాను" అని కుడి చెయ్యి చూపించింది. "నా గుమ్మంలో చెప్తే ఎట్టా? అక్కడికొచ్చి చెప్పు."

"నేను మీ చర్చికా?"

"నేను నీ కొలిమికి రాలా?"

మార్చి 1

బాపయ్య మళ్ళీ వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. "నీకేమన్నా మతి పోయిందా? ఆ గుడిసెల్లోకెళ్ళి మన పరువు తీస్తావా? రేపు ఊళ్ళో ఒక్కడన్నా మన చేతి ఇనుము కొంటాడా?" అని అరిచాడు.

"పాక తాళం సంగతి కూడా చెప్పేదా?" అన్నాను.

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాడి మీద గెలిచానన్న సంతోషం రాలేదు. తాళం వాడిదే అయినా, ముంచిన చెయ్యి నాది.

మార్చి 2, ఆదివారం

వెళ్ళాను. చెప్పులు బయట విడిచి ఆడవాళ్ళ వైపు చాప మీద చివరన కూర్చున్నాను. రెబ్కా ముందు వరసలో ఉంది. పాటలు నాకు రావు. సాక్ష్యాలన్నప్పుడు లేచాను. మైకు చేతికిచ్చారు.

"నా పేరు కోటిరత్నం. మీకు తెలుసు. రెబ్కా కన్ను తన తప్పు వల్ల పోలేదు. సమ్మెట నేను చెడగొట్టాను. చెడిందని తెలిసీ చేతికిచ్చాను. కంట్లోకి ఇనుము దిగిందని మస్తాన్‌బీ చెప్పినా, నా పని ఆగుతుందని నాలుగు రోజులు దాచాను. పోయినవారం తను ఇక్కడ చెప్పింది నిజం కాదు. నేను చెప్పేది నిజం."

ఇంకేదో చెప్పాలనుకున్నాను. రాలేదు. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు పెద్దాయన. ఇబ్బందిగా లేచి నా వైపు చెయ్యి చాచారు.

"ఒప్పుకోవడం గొప్ప విషయమమ్మా. ప్రభువు క్షమిస్తాడు. మన సహోదరి కూడా క్షమించింది."

రెబ్కా లేచి నిలబడింది. నా వైపు చూడాలంటే మెడ పూర్తిగా తిప్పాలి. తిప్పి చూసింది.

"అయ్యగారూ, కన్ను నాది. నేనింకా ఏమీ అనలేదు" అంది.

మళ్ళీ కూర్చుంది. ప్రార్థన అయ్యాక మెర్సీ భుజం పట్టుకుని నా ముందు నుంచే మెట్లు దిగి వెళ్ళింది. ఎప్పుడంటుందో చెప్పలేదు. నేను అడగలేదు.